రెండు మడుల మధ్య పురుడు

మడి అనేది మన అగ్రహారాల సొత్తేనని మీ కాలం పిల్లలు అనుకుంటారు. కాదే అమ్మడూ! రోములో పోపుగారి కొలువులోనూ మడి ఉండేది. మన మడి ఏమనేది? పురిటి గదిలోకి మగవాడు, డాక్టరైనా సరే, అడుగు పెట్టకూడదనేది. వాళ్ళ మడి ఏమనేది? సన్యాసం పుచ్చుకున్న ఆడది పురుళ్ళు పొయ్యకూడదనేది. వైద్యం తెలిసిన మగవాణ్ణి మనం రానివ్వం, వైద్యం చేస్తానన్న కన్యస్త్రీని వాళ్ళు పోనివ్వరు. ఈ పెద్దల తీర్మానాలన్నీ లోపలున్న బిడ్డకేం తెలుస్తాయి? కడుపుతో ఉన్నమ్మ కనక మానుతుందా, వండినమ్మ తినక మానుతుందా?

ఆ రెండు మడుల సందులోంచి దూరి వచ్చి మన గుంటూరులో ఆసుపత్రి నిలబెట్టిన సిస్టర్ల కథ ఒకటుంది. అది మన ఇంటి కథ కూడా. కుంపటి ఇటు జరుపు, శాలువా కాళ్ళమీదికి లాక్కో. ఏడో నెల వచ్చింది, చలిగాలి తగలకూడదు. ఫోను మాత్రం బోర్లా పెట్టు. మధ్యలో దాన్ని చూశావో, మళ్ళీ మొదట్నించీ చెప్తాను. నాకేం తొందర లేదు, నీకే నిద్ర చెడుతుంది.

మాది కూచిపూడి అగ్రహారంలో చివరి ఇల్లు. వ్యవసాయమే గానీ గజ్జె కట్టిన వంశం కాదు. అయినా ఊరి గాలి ఎక్కడికి పోతుంది? మా ఇంట్లో దూడ నడిచినా తాళం తప్పేది కాదనేవారు మా నాన్న. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఆడది గజ్జె కట్టడమనే మాటే లేదు. సత్యభామైనా, ఉషాకన్యైనా, జడ వేసుకుని పసుపు పూసుకునేది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామవేషం కట్టి తెర పక్కన జడ విసిరితే, ముందు వరసలో కూర్చున్న కొత్త పెళ్ళికూతుళ్ళు తమ జడలు వెనక్కి తోసుకునేవాళ్ళు, పోల్చి చూస్తారేమోనని! వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటి పెద్దలు ఆడపిల్లలకీ విద్య చెప్పడం మొదలుపెట్టాకే ఆ కట్టు సడలింది. ఇప్పుడు సాయంత్రం కళాక్షేత్రం వైపు వెళ్ళి చూడు, అంతా ఆడపిల్లలే. ఒక తలుపు మూస్తే మనుషులు ఇంకో తలుపు వెతుక్కుంటారు, అదీ లోకరీతి. సరే, ఆటలో పడి పాట మరిచిపోయాను. పురుడు సంగతి కదూ?

మా నాన్న పుట్టడానికి ముందు మా బామ్మకి రెండు కాన్పులు పోయాయి. ఒక బిడ్డ పుట్టి ఏడో రోజున దవడలు బిగుసుకుని పోయింది. రెండోది అడ్డం తిరిగి లోపలే పోయింది. ఇప్పుడైతే ధనుర్వాతం అంటారు, టీకా వేస్తారు. అప్పుడు పిశాచం పట్టిందన్నారు. ఏం చేసేవాళ్ళనుకున్నావు? ఇంట్లోకెల్లా చీకటి గది ఏరి, అందులో పాత గోనె పరిచి, పాత బట్టలు పడేసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేవాళ్ళు. గాలి తగిలితే బాలింతకి సన్నిపాతం వస్తుందని భయం. బొడ్డు కోయడానికి కొడవలో, వెదురుబద్దో, ఏది చేతికందితే అది. బొడ్డుకి బూడిదో, పేడో అద్దేవాళ్ళు. ఆ కొడవలితోనే పొద్దున గడ్డి కోసి ఉంటారు. అదేం పట్టింపు లేదు. పట్టింపంతా మంత్రసాని ఏ గుమ్మంలోంచి రావాలన్నదాని మీదే! పెరటి గుమ్మంలోంచి వచ్చేది పాపం. బిడ్డను పట్టడానికి పనికొచ్చిన చెయ్యి చెంబుడు మంచినీళ్ళివ్వడానికి పనికిరాదు. చూశావా మన తెలివి?

మంత్రసానికి కట్నం కుంచెడు బియ్యం, ఒక పాత చీర, తలంటుకి నూనె. మగపిల్లాడైతే పావలా, ఆడపిల్లయితే బేడ. బేడంటే రెండణాలే. నేను పుట్టినప్పుడు కూడా మా బామ్మ ఆ లెక్కే చెల్లించబోతే, మా నాన్న అడ్డుపడి అర్ధరూపాయి ఇప్పించారట. అందుకని మా అన్నయ్యకంటే నేనెప్పుడూ రెట్టింపు ఖరీదైనదాన్ని, ఆ సంగతి మీ తాతయ్యకి కూడా చాలాసార్లు చెప్పాను.

మూడోసారి నెల తప్పేసరికి మా బామ్మ నెత్తిన పిడుగు పడ్డట్టయిపోయింది. గాంధీగారు కాంగ్రెసు మీటింగుకి బెజవాడ వచ్చివెళ్ళిన మూడు నాలుగేళ్ళకి, రక్తాక్షి సంవత్సరం అది. మీ లెక్కలో 1924. అప్పటికి మన భాగవతులు మేళాలు కట్టుకుని ఊరూరా తిరిగేవారు. పేపర్లు ఎక్కడివి? వాళ్ళే మన పేపర్లు. గుంటూరు వైపు ఆడి వచ్చిన మేళం ఒకటి సంగతి మోసుకొచ్చింది. గుంటూరు కాన్వెంటులో తెల్ల సన్యాసిని ఒకావిడ ఉందిట, పెద్ద డాక్టరు పరీక్ష ప్యాసయిందిట, పొద్దున జపం చేసుకుని, తర్వాత ఆడవాళ్ళకి వైద్యం చేస్తుందిట, మగవాణ్ణి లోపలికి రానివ్వదుట. ఆ చివరి మాట మా తాతమ్మ చెవిలో పడింది. తాతమ్మంటే మా బామ్మకి అత్తగారు. ఆవిడ సై అంటే ఇంట్లో పొయ్యి వెలిగేది, ఊహూ అంటే ఆరేది.

గుంటూరులో ఆడడాక్టర్లు కొత్త కాదనుకో. అమెరికా లూథరన్ మిషను తరఫున అన్నా కుగ్లర్ అనే డాక్టరుగారు 1883లోనే వచ్చి, 1898 నాటికి పెద్దాసుపత్రి తెరిచారు. కుగ్లర్ ఆసుపత్రి అంటే ఇప్పటికీ చెప్తారు. ఆవిడ ప్రొటెస్టెంటు, మఠంలో చేరిన మనిషి కాదు కాబట్టి రోము మడి ఆవిడకి తగల్లేదు. కానీ మా దూరపు చుట్టాల ఇల్లు కాన్వెంటుకి దగ్గర్లో ఉంది. చుట్టం ఇల్లు ఎక్కడుంటే వైద్యం అక్కడ. ఆ కాలపు ఆసుపత్రి ఎంపిక అలా ఉండేది.

ఇంతకీ ఈ సిస్టర్లు ఎవరంటే, జె.ఎం.జె. వాళ్ళంటారు. యేసు, మరియ, యోసేపుల పేరున వెలిసిన సభ. 1822లో హాలెండు దేశంలో ఆమర్స్‌ఫోర్ట్ అనే ఊళ్ళో మథియాస్ వోల్ఫ్ అనే యేసుసభ గురువు మొదలుపెట్టారు. ఆయన ముందు తలపెట్టింది ఆడపిల్లల చదువు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు పట్టి, ఇల్లూ వాకిలీ వదిలి, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. 1904లో అక్కణ్ణించి కొందరు ఓడెక్కి మన గుంటూరు వచ్చారు. గుంటూరు ఎండకి మనమే విసనకర్ర వదలం. వాళ్ళు చలిదేశపు మనుషులు, మెడ నించి మడమల దాకా అంగీలు, తలకి ముసుగు! వచ్చి బడి పెట్టారు, మందులిచ్చే డిస్పెన్సరీ పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు. మన గుణింతాలు పట్టుబడేసరికి సగం వైరాగ్యం దానంతటదే వచ్చి ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట పక్కకి వెళ్ళి వస్తాను, విసుక్కోకు. తెల్లవాళ్ళు వస్తేగానీ మనకి కన్యస్త్రీలు లేరనుకునేవు. వాళ్ళకంటే ముందే మన ఆడపడుచు ఒకావిడ సొంతంగా సభ పెట్టింది. ఫిరంగిపురంలో పుట్టింది, పేరు జ్ఞానమ్మ. పుట్టింది కూడా ఆ 1822లోనే, హాలెండులో ఆ సభ మొదలైన ఏడే! తాటిపత్రి వారింటి కోడలు, పిల్లల తల్లి. వాళ్ళ కుటుంబాలు అరవదేశంలో కీళచ్చేరి అనే ఊరికి తరలిపోయాయి. అక్కడ మొగుడు పోయాక, మనలో ఎవరైనా ఏం చేస్తారు? మూల కూర్చుంటారు. ఆవిడ ఆడపిల్లలకి బడి పెట్టింది. ఊళ్ళో నానా మాటలూ అన్నారు, పెద్దింటి విధవరాలికి బడేమిటని. ఊరి నోరు మూయడానికి మూకుడు దొరుకుతుందా? ఆవిడ మూయించే ప్రయత్నమే చెయ్యలేదు. 1863లో సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభకి పునాది వేసింది. 1874లో పోయింది. ఆ తర్వాత ఆవిణ్ణి పునీతురాలిగా ప్రకటించాలని విచారణ కూడా మొదలైంది. సరే, పక్కదారి అయిపోయింది, బండి మళ్ళీ గుంటూరు రోడ్డెక్కింది.

ఆ డాక్టరు సన్యాసిని పేరు మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియా ఆవిడ. 1887లో విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే ఊళ్ళో పుట్టింది. నవ్వకు, వాళ్ళకి మన మొవ్వ, ఘంటసాల అన్నా అలాగే ఉంటాయి. తెలివైన పిల్ల, స్కాలర్‌షిప్పుల మీద చదివి 1910లో మెల్బోర్న్‌లో డాక్టరయింది. ఆ ఊళ్ళో కాలిన్స్ స్ట్రీటంటే పేరుమోసిన డాక్టర్ల వీధి, అక్కడ ప్రాక్టీసు పెట్టింది. పైగా కళ్ళాసుపత్రిలో ఉద్యోగం. అన్నీ అమరిన మనిషి. ఇంకెవరైనా అయితే మంచి సంబంధం చూసుకునేవాళ్ళు.

1915 అక్టోబరులో ఒక ఆదివారం ఆవిడ చేతికి చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. అందులో ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాట్లండు డాక్టరమ్మ కథ ఉంది. ఆ ముసలావిణ్ణి నేను తలుచుకోకుండా ఉండలేను, నా ఈడు మనిషి కదూ. 1837లో పుట్టింది. వాళ్ళ దేశంలో ఆడదానికి డాక్టరు చదువు చెప్పమంటే ఫ్రాన్సు పోయి, మోంపెలియేలో 1878లో పట్టా పుచ్చుకుంది. అరవై దాటాక కాథలిక్కయింది. డెబ్బై దాటాక రావల్పిండి వచ్చింది! అక్కడ పరదాలో ఉన్న ఆడవాళ్ళు మగ డాక్టరుకి నాడి చూపించడం కంటే చావడం నయమనుకునేవాళ్ళు, చచ్చేవాళ్ళు కూడా. సిస్టర్లు చుట్టూ ఉన్నారు, చెయ్యగలరు, చెయ్యనివ్వరు. ఆవిడ రోముకి అర్జీలు పెట్టుకుంది, స్వయంగా వెళ్ళి అడిగింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అడిగింది. అయ్యా, మీ సన్యాసినులకి వైద్యం చదవనిచ్చి, పురుళ్ళు పొయ్యనివ్వండీ అని. ఊహూ. 1913లో ఆ ముసలావిడ కన్ను మూసింది, మడి మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ కథ చదివిన మేరీ గ్లౌరీకి ఇండియా పోవాలని మనసు పుట్టింది. అప్పుడు పెద్ద యుద్ధం. ఇంట్లో బాధ్యతలు. ఆగింది. ఆగి ఊరికే కూర్చోలేదు. 1919లో ఎం.డి. చేసింది. ఏ విద్యలో అనుకున్నావు? కాన్పులు, ఆడవాళ్ళ రోగాలు, కళ్ళు. వెళ్ళబోయే చోట ఏం కావాలో ముందే లెక్క వేసుకుందన్నమాట. ప్రయాణానికి ముందే మూట కట్టుకోవడం అంటే అదీ. నువ్వు రైలెక్కాక చార్జరు మర్చిపోయానంటావు! 1920 జనవరిలో ఓడెక్కి ఫిబ్రవరిలో గుంటూరు దిగింది. జె.ఎం.జె. సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్ అని పేరు మార్చుకుంది. మరి మడి సంగతి? అప్పటి జగద్గురువులు 15వ బెనెడిక్టు పోపుగారు ఆవిడకి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు, సన్యాసినివైనా డాక్టరు పని చేసుకోవచ్చునని. ఇల్లంతా మడి కట్టుకుని ఒక్క కోడలికి మినహాయింపు ఇవ్వడం మనిళ్ళల్లో లేదూ? అలాగే. నియమం నియమమే, ఈవిడ మటుకు వెళ్ళొచ్చు.

ఇక మన ప్రయాణం. నెలలు నిండకముందే మాఘమాసంలో బయల్దేరారట. కూచిపూడి నించి పామర్రు మీదుగా గుడివాడకి రెండెడ్ల బండి. బండిలో మెత్తగా వరిగడ్డి, పైన బొంతలు. గతుకుల రోడ్డు, కడుపుతో ఉన్న మనిషి. ఎడ్లని నడిపించడమే గానీ పరిగెత్తించవద్దని మా తాతగారు బండి ముందు నడిచారట. గుడివాడలో రైలు, బెజవాడలో బండి మారి గుంటూరు. కృష్ణ బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే అందరూ కిటికీల్లోంచి నదిలోకి కానీలు వేశారు. మా తాతమ్మ అర్ధణా వేసిందిట. ఎంతో పొదుపు మనిషి, అర్ధణా వేసిందంటే లోపల ఎంత భయముందో చూడు. ఆ రోజుల్లో కార్డు ముక్క ఖరీదు అర్ధణా. కాసు బంగారం పదమూడు, పధ్నాలుగు రూపాయలుండేది. ఆ, ఆ, నీ కళ్ళు మెరిశాయి! అప్పుడు కొనిపెట్టాల్సిందనుకుంటున్నావు. అప్పుడు ఆ పద్నాలుగు రూపాయలు ఎవరి దగ్గర ఏడిశాయే?

సామాను చెప్తాను విను. ఇత్తడి బిందె, రెండు గిన్నెలు, ఇనప కుంపటి, పాత బియ్యం మూట, చింతకాయ పచ్చడి జాడీ, కారప్పొడి, ఇంగువ, పిడకలు. పిడకలు కూడా! గుంటూరులో ఆవులు లేవనుకున్నారో, ఉన్నా వాటి పేడకి మడి లేదనుకున్నారో. కాన్వెంటువాళ్ళు ఇచ్చే చుక్క నీళ్ళు ముట్టకూడదని తాతమ్మ ఒట్టు పెట్టించింది. చుట్టాలింట్లో వంట, అక్కణ్ణించి కేరేజీ.

అప్పటికి అక్కడ పెద్ద మేడలేం లేవుట. డిస్పెన్సరీ కాస్తా అప్పుడప్పుడే ఆసుపత్రి రూపు దిద్దుకుంటోంది. తెల్లారేసరికే గుమ్మం ముందు జనం. కళ్ళకలకలవాళ్ళు, సెగ్గడ్డలవాళ్ళు, మలేరియా వాళ్ళు, చంకలో పిల్లలతో తల్లులు. మా బామ్మని పరీక్ష చేసింది ఆ డాక్టరమ్మగారో, ఆవిడ దగ్గర పని నేర్చుకున్న వేరే సిస్టరో, బామ్మకి తెలీదు. తెల్లబట్టలు కట్టుకున్న వాళ్ళంతా ఆవిడ కంటికి ఒక్కలాగే కనిపించారు. చెయ్యి వెచ్చగా ఉందని మాత్రం చెప్పేది. చేతులు కడుక్కోవడం చూసి ఆశ్చర్యపోయిందిట. సబ్బు పెట్టి మోచేతుల దాకా, మళ్ళీ మళ్ళీ. 'వీళ్ళకి మనకంటే ఎక్కువ మడిలా ఉందే' అనుకుందిట మనసులో.

తాతమ్మ మడి వేరు. సిస్టరు కోడల్ని ముట్టుకుంటే కోడలు మైల, కోడల్ని ముట్టుకున్నందుకు తను మైల. పరీక్ష అయినప్పుడల్లా నూతి దగ్గరికి పోయి నెత్తిన బిందెడు నీళ్ళు. మాఘమాసపు చన్నీళ్ళు, రోజుకి మూడు స్నానాలు. కోడలు పచ్చగా, నిబ్బరంగా ఉంది. నాలుగో రోజుకి అత్తగారికి పడిశం, దగ్గు, జ్వరం! పడుకుని మూలుగుతుంటే కాన్వెంటు నించి సీసాలో అరకు వచ్చింది. తాగనంది. రాత్రి దగ్గి దగ్గి డొక్కలు ఎగిరిపోతుంటే, దీపం ఆర్పించి చీకట్లో తాగిందిట. దేవుడికి కనపడకూడదని! మర్నాడు పొద్దున 'ఆ మందు రుచి బాగానే ఉంది' అందిట, అంతే. ఒట్టు సంగతి ఆవిడా ఎత్తలేదు, ఇంకెవరికీ ఎత్తే ధైర్యం లేదు.

జ్వరం తగ్గాక అక్కడ పనిచేసే తెలుగు ఆవిడ ఒకామె తాతమ్మ పక్కన కూర్చుని కబుర్లలో పెట్టి ఈ రోము సంగతి చెప్పిందిట. అమ్మగారూ, అసలు మా సిస్టర్లు పురుళ్ళు పొయ్యకూడదండీ, వాళ్ళ పెద్దలు ఒప్పుకోరు, ఈ డాక్టరమ్మగారికి పోపుగారి దగ్గర్నించి ప్రత్యేకం అనుమతి వచ్చింది అని. తాతమ్మ లేచి కూర్చుందిట. 'ఏమిటీ, వాళ్ళకీ పీఠాలూ, ఆచార్యులూ, నిషేధాలూ ఉన్నాయా?' అందిట. అంతవరకూ ఆ సిస్టర్లంటే ఆచారం లేని మనుషులని ఆవిడ లెక్క. తమ ఆచారాన్ని ఒప్పించుకుని, అంత దూరం వచ్చి, తన కోడల్ని ముట్టుకున్నారని తెలిసేసరికి ఆవిడలో ఏదో కదిలింది. మనిషికి పరాయివాళ్ళ మంచితనం కంటే పరాయివాళ్ళ ఇబ్బంది తొందరగా అర్థమవుతుందే అమ్మడూ. ఆ రోజు నించి రోజుకి ఒక్కటే స్నానం.

బిడ్డ ఈసారీ అడ్డంగానే ఉంది. వాళ్ళు ఎలా సరిచేశారో బామ్మ చెప్పేది గానీ, ఏడో నెలలో ఉన్నదానివి నీకెందుకు? క్షేమంగా పుట్టాడు. అతనే మా నాన్న. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని సామెత. పోపుగారి అనుమతి చేతికొచ్చాక ఆ డాక్టరమ్మ అదే చేసింది. కాలు అడ్డమొచ్చినా, చీము పట్టినా, అర్ధరాత్రి బండి వచ్చినా. ఒక్కర్తే ఎంతని చేస్తుంది? అందుకని నర్సులకీ, పురుళ్ళు పోసేవాళ్ళకీ, కాంపౌండర్లకీ పని నేర్పింది. మన నాటుమందుల గురించి కూడా తెలుసుకుంది. ఊళ్ళమీదికి బండి కట్టుకుని వెళ్ళేవారు. పద్నాలుగేళ్ళ పిల్లలు కాన్పుకొచ్చే రోజులవి. మన చీకటి గదులు చూసి వాళ్ళు ఏమనుకునేవారో! కిటికీలు మాత్రం తీయించేవాళ్ళు.

తిరిగొచ్చాక ఊళ్ళో గోల. కలిపేసుకున్నారన్నారు, పిల్లాడి నోట్లో తీర్థం పోశారన్నారు, బొడ్డు కింద శిలువ గుర్తు వేశారన్నారు. ఆ గుర్తు చూడ్డానికి పిల్లాణ్ణి ఎంతమంది తిరగేసి చూశారో! నేను దాపరికం లేకుండా చెప్తాను. సిస్టర్లు తమ దేవుడి మాట చెప్పడానికే వచ్చారు, దాచుకోలేదు. గోడమీద పటం, పొద్దున ప్రార్థన, అడిగినవాళ్ళకి బోధ. కులం కింద నలిగిన పేదలు చాలామంది ఆ దేవుడి దగ్గరికి నడిచి వెళ్ళారు, వాళ్ళ కారణాలు వాళ్ళవి. గుమ్మం దగ్గర మంచినీళ్ళివ్వని వాళ్ళం, వాళ్ళని పోవద్దని చెప్పడానికి మనకేం మొహముంది? మా ఇంట్లో మాత్రం నాన్నకి సత్యనారాయణ అనే పేరు పెట్టారు, ప్రాయశ్చిత్తానికి ఒక శాంతి చేయించారు. శాంతికైన ఖర్చు గుంటూరు ఖర్చుకంటే ఎక్కువట!

ఆ డాక్టరమ్మ తర్వాత ఏమైందంటావా? 1936లో రోములో ఆ పెద్ద మడి విప్పారు. మిషన్ దేశాల్లో సిస్టర్లు వైద్యం చదవొచ్చు, పురుళ్ళు పొయ్యొచ్చు అని ఆజ్ఞ వచ్చింది. రావల్పిండి ముసలావిడ పోయి అప్పటికి ఇరవై మూడేళ్ళు. నాటినవాళ్ళే కోసుకోవాలని ఎక్కడుంది? ఇంకో యుద్ధం నడుస్తుండగా, కిరసనాయిలుకి కూడా క్యూలు కట్టే 1943లో, ఈవిడ గుంటూరులో పదహారుమంది సిస్టర్లని కూర్చోబెట్టి కాథలిక్ ఆసుపత్రుల సంఘం పెట్టింది. విడివిడిగా ఊరికొకటిగా మందులకి అల్లాడే ఆసుపత్రులు ఒక మాట మీదికి రావాలని. ఆ సంఘమే పెరిగి పెరిగి ఇప్పుడు సికింద్రాబాదులో ఉంది. దేశం మొత్తం మీద మూడున్నర వేలకి పైగా ఆసుపత్రులూ, డిస్పెన్సరీలూ అందులో ఉన్నాయిట. మనవాళ్ళకే డాక్టరు చదువు చెప్పే కాథలిక్ కాలేజీ కావాలని కూడా ఆవిడ పోరింది. అది బెంగుళూరులో సెయింట్ జాన్స్ పేరుతో 1963లో తెరిచారు. ఆవిడ చూడలేదు. క్యాన్సరొచ్చి 1957 మే 5న ఆ బెంగుళూరులోనే పోయింది. 2013లో ఆవిణ్ణి దైవసేవకురాలని ప్రకటించారు. తెలుగుదేశంలో ఎంతమంది తల్లుల్ని బతికించిందో, ఆ లెక్క రోములో రాసుకుంటారో లేదో!

నిద్రొస్తోందా? ఇంకొంచెమే. ఒకసారి తలుపు తెరుచుకున్నాక మనవాళ్ళు ఇంకొన్ని తలుపులు తోశారు. ఏలూరులో సెయింట్ థెరిసా ఆడపిల్లల కాలేజీ 1953లో, తెనాలిలో జె.ఎం.జె. కాలేజీ 1963లో, రెండూ ఈ సిస్టర్లు పెట్టినవే. బెజవాడ మారిస్ స్టెల్లా వేరే సభవాళ్ళది, ఫ్రాన్సిస్కన్ సిస్టర్లు 1962లో పెట్టారు. ఆ సభ పుట్టింది మన పక్కనే, 1877లో ఊటీలో. ఆ రోజుల్లో ఆడపిల్లని కాలేజీకి పంపమంటే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, మగపిల్లలుంటారా? ఉండరు. పాఠం ఎవరు చెప్తారు? సిస్టర్లు. గేటు ఎన్నింటికి మూస్తారు? దీపాలవేళకి. హమ్మయ్య! రొట్టె విరిగి నేతిలో పడింది. మనకి ఏ కట్టుబాటు కావాలో ఆ కట్టుబాటు వాళ్ళ దగ్గర తయారుగా ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని ఎంతమంది ఆడపిల్లలు బి.ఏ.లు, బి.యస్సీలు అయ్యారో! మా చెల్లెలు బెజవాడలో ఒక కాన్వెంటు హాస్టల్లో చదివింది. ఇంటికి రాసే ప్రతి ఉత్తరం వార్డెను చదివాకే పోస్టులో పడేది. అందుకని 'ఇక్కడ భోజనం దివ్యంగా ఉంది' అని రాసి, కింద 'ఆవకాయ పెద్ద జాడీ పంపండి' అని రాసేది. మా అమ్మకి అర్థమైపోయేది.

ఇక 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి సంగతి నీకు నేను ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఈ రాత్రీ చెప్పను. దివిసీమ మనకి ఎంత దూరం, బండి దూరం. పోయినవాళ్ళు లెక్కకొచ్చినంతవరకే పదివేల దాకా. నీళ్ళు తీశాక శవాలు ఎత్తేవాళ్ళు లేరు. సొంత చుట్టాలే ముక్కుకి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడ్డారు. అప్పుడు ఎక్కడెక్కడి నించో మనుషులొచ్చారు, కుర్రాళ్ళు, సాధువులు, సిస్టర్లు. మదర్ థెరిసాగారు స్వయంగా వచ్చారు. పుట్టుక మైల, చావు మైల అని మనం దూరం జరిగిన రెండు చోట్లా ఆ తెల్లబట్టల వాళ్ళు కనిపించారు. మా నాన్న అప్పటికి యాభై దాటినవాడు, శాంతి చేయించుకున్న సత్యనారాయణ, పంచె ఎగగట్టి వాళ్ళతో కలిసి వెళ్ళాడు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే మా బామ్మ గుమ్మంలో నిలబడి, ఎన్ని బిందెలు పోసుకుంటున్నాడో చూసి, 'ఒక్కటి చాలురా, మీ నాయనమ్మలాగా పడిశం పట్టగలదు' అంది.

కాబట్టి ఆచారమంటే నాకు కోపం లేదు. ఎవరి మడి వాళ్ళకి ఉంటుంది, అది లేని పీఠమూ లేదు, ఇల్లూ లేదు. అయితే అడిగితే విప్పుతారు. ఒకసారి అడిగితే విప్పరు, అంతే. ఇప్పుడు నీ సంగతికొస్తాను. బెజవాడ ఆసుపత్రిలో పురుడప్పుడు పక్కన ఉంటానని నీ మొగుడు అంటున్నాడు, డాక్టరు సరేనంది, మీ అత్తగారు మాత్రం మా వంశంలో మగవాడు పురిటి గదిలోకి వెళ్ళలేదని పట్టుబట్టింది, అదేగా నీ దిగులు? రెండు రోజులుగా అన్నం సరిగా తినకపోతే నాకు తెలీదనుకున్నావా? రేపు ఆవిడ ఫోను చేస్తే నాకివ్వు. ముందు వియ్యాలవారి మర్యాద ప్రకారం కుశలం అడుగుతాను, మోకాళ్ళ నొప్పుల గురించి ఒక అరగంట మాట్లాడతాను, తర్వాత మా తాతమ్మ చీకట్లో మందు తాగిన కథ చెప్తాను. ఒప్పుకోకపోతే ఎల్లుండి మళ్ళీ చేస్తాను, ఆవలెల్లుండి మళ్ళీ చేస్తాను. నాకేం పనుంది గనక!